కోనసీమ – కడియం ప్రాంతంలో బోన్సాయ్ పెంపకం: పేరు, పనితనం, చరిత్ర

వ్యాస సంగ్రహం:
తొట్టెలో పెద్ద చెట్టును చిన్న ఆకృతిలో పెంచే బోన్సాయ్ కళ శీతల దేశాల్లో రూపుదిద్దుకున్నది. గోదావరి డెల్టా ఉష్ణమండలానికి చెందిన తేమనేల. ఈ నేల మీద ఆ కళ నిలదొక్కుకోవడానికి ఏ పరిస్థితులు తోడ్పడ్డాయో, పనితనంలో ఏ మార్పులు వచ్చాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బోన్సాయ్‌కి తెలుగులో ఏర్పడిన పేర్లు, వృక్షాయుర్వేదంతో దానికి సంబంధం కలిపే వాదం, కడియం నర్సరీల నేపథ్యం, అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ కథ ఇందులో ఆధారాలుగా స్వీకరింపబడినవి. డెల్టాలో బోన్సాయ్ చరిత్రను ప్రాచీన గ్రంథాల్లో కంటే నర్సరీ శ్రామికుల చేతిపనిలోను, వారి పలుకుబడిలోను వెదకవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బోన్సాయ్, గోదావరి డెల్టా, కడియం, కోనసీమ, వృక్షాయుర్వేదం, నర్సరీ, అబ్బూరి ఛాయాదేవి.

1. ఉపోద్ఘాతం:

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు వెళ్లే రహదారి కడియపులంక దాటుతుండగా రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తాయి. నారుమడులు, అంటుమొక్కలు, పూలకుండీలు బారులు తీరి ఉంటాయి. వాటి నడుమ నీడవలల కింద, లోతు తక్కువ తొట్లలో మొదలు లావెక్కి, కొమ్మలు పరచుకొని, మోకాలెత్తు కూడా లేని రావి, మర్రి, జువ్వి చెట్లు అమ్మకానికి నిలిచి ఉంటాయి. ఆ రహదారి జొన్నాడ వద్ద గౌతమీ పాయను దాటి కోనసీమలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి కొత్తపేట, అమలాపురం, రాజోలు దాకా కొబ్బరి తోటలు పరచుకొని ఉంటాయి. నిలువెత్తు కొబ్బరికి పేరుపడిన సీమ ముంగిట చిన్నచెట్ల అంగడి వెలయడం యాదృచ్ఛికమా? దీని వెనుక నేలకు, నీటికి, పనికి సంబంధించిన కారణాలున్నాయా? ఈ ప్రశ్న నుంచే ప్రస్తుత పరిశీలన మొదలవుతున్నది.

బోన్సాయ్‌ని గురించి తెలుగులో సాధారణంగా వినిపించే వివరణలు రెండు. ఇది పూర్తిగా జపాన్ నుంచి దిగుమతి అయిన వేడుక అన్నది మొదటిది. మన వృక్షాయుర్వేదంలో ఉన్న విద్యే విదేశాలకు వెళ్లి తిరిగి వచ్చిందన్నది రెండవది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాల్లోనూ ఒక లోపం సమానంగా ఉంది. కళ ఎక్కడ పుట్టిందన్న విషయం మీదనే రెండూ దృష్టి పెట్టాయి. ఆ కళ ఇక్కడ ఎవరి చేతుల్లో, ఏ మట్టిలో, ఏ ఎండలో బతుకుతున్నదన్న విషయాన్ని రెండూ పక్కన పెట్టాయి.

2. పేరులోని చరిత్ర:

‘బోన్సాయ్’ అన్న జపనీయ పదంలో రెండు భాగాలున్నాయి. ‘బోన్’ అంటే లోతు తక్కువ తొట్టె, ‘సాయ్’ అంటే నాటడం. కాబట్టి తొట్టెలో నాటినదని దాని అర్థం. ఈ మాట చీనా భాషలోని ‘పెన్‌జాయ్’ నుంచి వచ్చింది. తొట్టెలో కొండలు, రాళ్లు, చెట్లు అమర్చి ప్రకృతి దృశ్యాన్ని కల్పించే ‘పెన్‌జింగ్’ దానికి సోదర కళ. జపాన్‌లో పూర్వం ‘హచి నో కి’ అనే మాట వాడుకలో ఉండేది. దానికి కుండీలోని చెట్టు అని అర్థం. అదే పేరుతో ప్రసిద్ధమైన నో నాటకం ఒకటి ఉంది. మంచు కురిసే రాత్రి ఇంటికి వచ్చిన సన్న్యాసికి వెచ్చదనం కోసం, ఒక పేద యోధుడు తాను ప్రాణప్రదంగా పెంచుకున్న మూడు కుండీ చెట్లను నరికి నెగడు వేయడం అందులోని కథావస్తువు. ‘బోన్సాయ్’ అన్న మాట మెయిజీ కాలంలో సార్వత్రికంగా స్థిరపడింది.

ఈ పేర్లలో ఎక్కడా ‘చిన్నది’ అన్న అర్థం లేకపోవడం గమనింపదగినది. చెట్టు ఉన్న చోటును, దానికీ తొట్టెకూ గల సంబంధాన్ని ఆ మాటలు సూచిస్తున్నాయి. తెలుగులో ఏర్పడిన సమానార్థకాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. ‘మరుగుజ్జు చెట్టు’, ‘పొట్టిచెట్టు’, ‘వామన వృక్షం’ అన్న మూడు మాటలూ ఎత్తునే చెబుతున్నాయి. వీటిలో ‘మరుగుజ్జు’ అన్న పదం మనుషుల శారీరక స్థితిని తక్కువ చేసి చూసే సందర్భంలో వాడిన మాట. అది చెట్టుకు అంటడంతో, ఎదగనివ్వకుండా చేసిన ప్రాణి అన్న భావం పేరులోనే వచ్చి చేరింది.

‘వామన’ శబ్దం స్వభావం వేరు. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్ర తెలిసిన పాఠకునికి వామనుడు అనగానే పొట్టితనంతో పాటు త్రివిక్రమ రూపం కూడా స్ఫురిస్తుంది. చిన్న రూపంలో పెద్దది ఇమిడి ఉండటం ఆ కథలోని భావం. బోన్సాయ్ కళాకారుడు సాధించదలచినది కూడా అదే. చూపరికి ఎత్తు తక్కువైన మొక్క కనిపిస్తే ఆ పని విఫలమైనట్టే. దూరాన నిలిచిన మహావృక్షం చేరువలో కనిపించినట్లు తోచాలి. ఈ దృష్టితో చూస్తే తెలుగు పేర్లలో ‘వామన వృక్షం’ కళాలక్ష్యానికి దగ్గరగా ఉంది. అయితే నర్సరీల వ్యవహారంలో నిలిచింది ‘బోన్సాయ్’ అన్న మాటే. సంస్కృత సమాసం పత్రికలకు, ప్రదర్శనల ఫలకాలకు పరిమితమైంది.

3. మూలాలను గురించిన వాదం:

తొట్టెలో అమర్చిన చిన్నచెట్లకు లభిస్తున్న పాత దృశ్యాధారాల్లో చీనాలోని తాంగ్ వంశపు రాకుమారుడు జాంగ్‌హువాయ్ సమాధి ప్రసిద్ధమైనది. క్రీ.శ. 706 నాటి ఆ సమాధి గోడచిత్రాల్లో రాళ్లు, మొక్కలు అమర్చిన పళ్లెం మోస్తున్న సేవకులు కనిపిస్తారు. జపాన్‌లో 1309 నాటి ‘కసుగా గొంగెన్ గెంకి’ చిత్రపటంలో తొట్లలోని చెట్లు చిత్రితమైనవి. 1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఐరోపా ప్రజలు ఈ చెట్లను చూసిన తొలి వేదికల్లో ఒకటి. 1923 నాటి కాంటో భూకంపం తర్వాత టోక్యో నగరం విడిచిన పెంపకందారులు 1925లో ఒమియాలో ప్రత్యేకంగా బోన్సాయ్ గ్రామాన్ని నెలకొల్పారు. ఈ విధంగా చిత్రం, నాటకం, ప్రదర్శన, గ్రామం అనే ఆధారాలు ఒక వరుసలో దొరకడం వల్ల అక్కడి చరిత్రను క్రమంగా రాయడం సాధ్యమైంది.

భారతీయ మూలాల వాదం వృక్షాయుర్వేద గ్రంథాలను ఆశ్రయిస్తుంది. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం ఉంది. 14వ శతాబ్దికి చెందిన శార్ఙ్గధర పద్ధతిలో ‘ఉపవన వినోదం’ అనే భాగం ఉంది. సురపాలుని వృక్షాయుర్వేదం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో రాతప్రతిగా నిలిచి ఉండగా, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో 1996లో సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దానిని ప్రచురించింది. తెలుగు నేల మీద జరిగిన ఈ ప్రచురణ వృక్షశాస్త్ర చరిత్రపై ఆసక్తి గలవారికి ఎంతో ఉపకరించింది.

ఈ గ్రంథాల ప్రధాన విషయం విత్తన సంస్కారం, నేల ఎంపిక, ఎరువులు, చెట్ల రోగాలు, వాటి చికిత్స, పుష్పఫల సమృద్ధి. అకాలంలో పూయించడం వంటి విచిత్ర ప్రక్రియలు కూడా వీటిలో చోటు చేసుకున్నాయి. చెట్టు స్వభావాన్ని మనిషి మార్చగలడన్న ఊహ ప్రాచీన భారతంలో ఉందని చెప్పడానికి ఇవి చాలు. అయితే ఒక ఊహ ఉండటం వేరు, ఒక కళాసంప్రదాయం కొనసాగడం వేరు. సంప్రదాయం ఉందని నిరూపించడానికి దానికి తగిన తొట్లు, పనిముట్లు, పారిభాషిక పదాలు, గురుశిష్య పరంపర, శిల్పంలోనో చిత్రంలోనో దాని ఆనవాళ్లు చూపించగలగాలి. వేరు కత్తిరించి, కొమ్మ వంచి, ఒకే చెట్టును తరాలపాటు తొట్టెలో నిలిపే పనికి అటువంటి వరుసను చూపనంతవరకు వృక్షాయుర్వేదాన్ని బోన్సాయ్‌కి మూలంగా చెప్పడం చారిత్రక పద్ధతికి నిలవదు.

ఈ వాదాన్ని అంగీకరించడంలో మరొక ఇబ్బంది కూడా ఉంది. గౌరవమంతా శ్లోకానికి కట్టబెట్టినప్పుడు, అక్షరంలో నమోదు కాని పనితనానికి చరిత్రలో చోటు మిగలదు. అంటు కట్టే చేతికి, మట్టి కలిపే చేతికి ఏ గ్రంథమూ ప్రమాణంగా లేదు. కాబట్టి ఆ చేతులు పుట్టిన నేలను పరిశీలించవలసి ఉంది.

4. డెల్టా నేపథ్యం – నేల, నీరు, నర్సరీ:

ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట నిర్మాణం 1852 నాటికి పూర్తయింది. అక్కడి నుంచి కాలువలు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా మూడు దిక్కులకు సాగాయి. గౌతమికి తూర్పున ఉన్న కడియం తూర్పు డెల్టాకు చెందినది. గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రం దాకా ఉన్న కోనసీమ మధ్య డెల్టా. వైనతేయ పాయకు ఆవల ఉన్న రాజోలు ప్రాంతానికి, అంటే నాటి నగరం దీవికి, 1850లలో గన్నవరం అక్విడక్టు ద్వారా కాలువ నీరు చేరింది. వరదలకు, కరవుకు మధ్య నలిగిన నేలకు నిలకడగా నీరందడంతో వరి, కొబ్బరి, అరటి విస్తరించాయి.

నర్సరీకి కావలసినది కూడా నిలకడైన నీరే. సంచిలోని మొక్క, కుండీలోని మొక్క వేరు చాచి లోతు నీటిని వెదుక్కోలేవు. వాటికి ప్రతిరోజూ నీరు పెట్టాలి. ఏడాది పొడవునా చేరువలో నీరు, గోదావరి తెచ్చిన ఒండ్రు, పూలతోటల సాగులో చేయి తిరిగిన జనం, చెన్నై – కలకత్తా రైలు మార్గం, జాతీయ రహదారి ఒకేచోట కూడి ఉండటం కడియం ప్రాంతానికి గల అనుకూలత. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం గ్రామాల్లో పూలతోటలకు తోడుగా మొక్కల పెంపకం ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో పరిశ్రమగా ఎదిగింది. క్రమంగా పక్కనున్న ఆలమూరు మండలానికి కూడా విస్తరించింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కడియం తూర్పు గోదావరిలో ఉండగా, ఆలమూరు కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. పరిపాలనా సరిహద్దు ఈ విధంగా నర్సరీ సీమ మధ్యగా సాగినా, మొక్కల వ్యాపారానికి, కూలీల రాకపోకలకు ఈ ప్రాంతమంతా ఒక్కటే.

ఈ నర్సరీలకు ఆధారమైన విద్య అంటు కట్టడం. మామిడి, సపోటా, నిమ్మ జాతుల్లో కోరిన రకాన్ని నిలుపుకోవడానికి అంటే మార్గం. కణుపు ఎక్కడ ఉందో, బెరడు ఎంత లోతుగా కోయాలో, కట్టు ఎప్పుడు విప్పాలో తెలిసిన చేతికి బోన్సాయ్ పని పూర్తిగా కొత్తది కాదు. మొక్కను త్వరగా ఎదిగించి అమ్మడం నర్సరీ పరమావధి. బోన్సాయ్‌లో అదే నైపుణ్యం ఎదుగుదలను ఆచితూచి ఆపడానికి ఉపయోగపడుతుంది. అందువల్ల డెల్టాలో బోన్సాయ్‌ని అంటు విద్య నుంచి మొలిచిన కొమ్మగా భావించడం సమంజసం.

5. ఉష్ణమండలంలో మారిన పనితనం:

జపాన్ పద్ధతులు నాలుగు స్పష్టమైన ఋతువుల మీద ఆధారపడినవి. శీతకాలంలో చెట్టు నిద్రిస్తుంది, వసంతంలో మేల్కొంటుంది. వేరు కోయడం, మట్టి మార్చడం ఆ మేల్కొలుపుకు ముందే జరగాలి. అక్కడి పైన్, జూనిపర్, మేపుల్ జాతులకు ఆ చలి అవసరం. గోదావరి డెల్టాలో అటువంటి చలి లేదు. ఆ చెట్లను ఇక్కడికి తెచ్చినా విశ్రాంతి దొరకక కొంతకాలానికి క్షీణిస్తాయి. కాబట్టి ఇక్కడ మార్పు చెట్టు జాతితో మొదలై పనుల పంచాంగం వరకు సాగింది.

మొదటి మార్పు కాలానికి సంబంధించినది. రావి, మర్రి, జువ్వి వంటివి వేడిలోనే బలంగా పెరుగుతాయి. వేరు కోసిన చెట్టు త్వరగా కోలుకోవాలంటే అది చురుకుగా పెరిగే కాలమే మేలు. వేసవి ముందర చిగురించే మాఘ ఫాల్గుణాల్లోనో, తొలకరి పడి గాలిలో తేమ నిలిచే ఆషాఢంలోనో తొట్టె మార్చడం ఇక్కడి వాతావరణానికి తగినది.

రెండవది కత్తిరింపు. ఏడాదంతా చిగురు వేసే చెట్టును ఏడాదికి ఒకటి రెండు సార్లు కత్తిరిస్తే ఆకృతి నిలవదు. కొమ్మ వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగ చల్లని దేశంలో నెలల తరబడి ఉండవచ్చు. ఇక్కడ అది కొన్ని వారాల్లోనే బెరడులోకి దిగి మచ్చ వేస్తుంది. అందువల్ల తీగ మీద కంటే కత్తెర మీద ఆధారపడటం మేలు. కోరిన దిక్కుకు చూసే కణుపు పైన కోసి, అక్కడి నుంచి వచ్చిన రెమ్మను పెంచి, మళ్లీ కోయాలి. దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో వెలసిన లింగ్నాన్ శైలి ఇదే సూత్రం మీద నడుస్తుంది. అదీ వెచ్చని తేమనేల. పనితనాన్ని బట్టి చూస్తే గోదావరి డెల్టా బోన్సాయ్‌కి దగ్గరి బంధువు టోక్యోలో కంటే లింగ్నాన్‌లో కనిపిస్తుంది.

మూడవది మట్టి. డెల్టా ఒండ్రుమట్టి పొలానికి వరం. లోతు తక్కువ తొట్టెలో అదే మట్టి నీటిని పట్టి ఉంచి, గట్టిపడి, వేళ్లను కుళ్లబెడుతుంది. జపాన్‌లో అగ్నిపర్వత ప్రాంతపు ‘అకాదమా’ అనే గుళికల మట్టి వాడతారు. డెల్టాలో దొరికే ఇటుక ముక్కలు, గోదావరి ఇసుక, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పీచు పొట్టు ఆ పనికి ప్రత్యామ్నాయాలు. ఇటుక ముక్క నీటిని కొంత పీల్చుకొని, మిగిలినదాన్ని జారవిడుస్తుంది. పీచు పొట్టు తేమను నిలుపుతుంది. కోనసీమ కొబ్బరితో ఈ చిన్నచెట్లకు గల సంబంధం ఈ పొట్టు ద్వారా కూడా ఏర్పడుతున్నది.

నాలుగవది ఎండ. వైశాఖంలో పలచని తొట్టె ఒక్క మధ్యాహ్నంలో ఎండిపోగలదు. తొట్టె కాస్త లోతుగా ఉండటం, రోజుకు రెండు పూటలా నీరు, వేసవిలో నీడవల ఇక్కడ తప్పనిసరి. మరోవైపు ఇక్కడి తేమ ఒక వరం కూడా. గాలిలో తేమ ఉంటే మర్రి, జువ్వి కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. అవి తొట్టెలోకి చేరి స్తంభాలుగా లావెక్కుతాయి. జపాన్ శైలులు చాలావరకు మంచుకు వంగిన, కొండ అంచున వేలాడిన చెట్లకు అనుకరణలు. ఊడలతో విస్తరించే మర్రి శైలి ఉష్ణమండలం ఈ కళకు చేర్చిన రూపం.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను తెలుగువారు పిల్లల పెంపకానికి అన్వయిస్తారు. బోన్సాయ్ పనిలో అది అక్షరాలా సాంకేతిక సూత్రం. లేత రెమ్మ ఆకృతిని నిర్ణయిస్తుంది. ముదిరిన కొమ్మను వంచబోతే చీలుతుంది. ఈ సామెత పుట్టింది చెట్టును దగ్గరగా గమనించిన సమాజంలోనని వేరే చెప్పనక్కరలేదు.

6. చెట్ల ఎంపిక – స్థానికత ప్రశ్న:

గోడ పగుళ్లలో, పాత గుడి గోపురాల మీద, వంతెనల రాతి సందుల్లో మొలిచిన రావి మొక్కలు డెల్టాలో సర్వసాధారణం. పిట్టలు వేసిన విత్తనం పిడికెడు మట్టిలేని చోట మొలిచి, ఏళ్లు గడిచినా మూరెడెత్తులోనే ఉండి, మొదలు మాత్రం ముదురుతుంది. నిర్మాణానికి ముప్పని దానిని పెరికివేస్తారు. బోన్సాయ్ పెంపకందారుకు అదే విలువైన ముడిసరుకు. పరిమితమైన నేల చెట్టును ఎలా మలుస్తుందో తెలియజేసే సహజ ఉదాహరణ కూడా అదే.

అయితే రావిని తొట్టెలో పెంచడం అంత తేలిక కాదు. దాని ఆకు పెద్దది, తొడిమ పొడవైనది. ఆకులు దూసి మళ్లీ చిగురింపజేస్తే ఆకు కొంత చిన్నదవుతుంది కాని మొదలుతో పొంతన కుదరడం కష్టం. చింత ఈ విషయంలో అనుకూలం. దాని చిన్న ఆకులు, గరుకైన బెరడు తక్కువ ఎత్తులోనే పెద్ద చెట్టు భ్రమను కల్పిస్తాయి. తీరప్రాంతపు ఇసుకనేలల్లోని సరుగుడు దూరం నుంచి పైన్ చెట్టును తలపిస్తుంది.

మరి ఇవన్నీ స్థానికమైనవేనా? చింత ఆఫ్రికా నుంచి ఎంతో ప్రాచీన కాలంలో వచ్చింది. సరుగుడు తూర్పు సముద్రాలకు ఆవలిది. కాగితపు పూల తీగ దక్షిణ అమెరికాది. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. నేటి నర్సరీల్లో విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న ముదురు జువ్వి జాతి మొదళ్లు కూడా అమ్ముడవుతున్నాయి. చెట్ల విషయంలో స్థానికత అంటే పుట్టుక కాదనీ, ఎంతకాలంగా ఆ నేల మనుషుల సంరక్షణలో ఉన్నదనేదే ప్రమాణమనీ ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి. కళ విషయంలోనూ ఇదే ప్రమాణాన్ని పాటించవచ్చు.

కోనసీమకు గుర్తుగా నిలిచిన కొబ్బరి మాత్రం ఈ కళకు పూర్తిగా లొంగదు. అది ఏకదళబీజ వృక్షం. దానికి కొమ్మలు లేవు, కాండం ఏటేటా లావెక్కదు. ఎదుగుదల అంతా తలలోని ఒక్క మొవ్వులో ఉంటుంది. ఆ మొవ్వు కోస్తే చెట్టు చస్తుంది. ఇండోనేషియా వంటి దేశాల్లో మొలకెత్తిన కాయను చిన్న తొట్టెలో ఉంచి, వేళ్లు, ఆకులు అదుపు చేసి కొబ్బరి బోన్సాయ్ అని ప్రదర్శిస్తారు. అది కొమ్మల నిర్మాణం మీద ఆధారపడిన అసలు పద్ధతికి భిన్నం. నిలువునా ఎదగడమో, లేకపోవడమో తప్ప కొబ్బరికి మధ్యేమార్గం లేదు.

7. సాహిత్య సాక్ష్యం – ‘బోన్సాయ్ బ్రతుకు’:

తెలుగు పాఠకలోకంలో బోన్సాయ్ అన్న మాటకు విస్తృత ప్రచారం కల్పించిన రచన అబ్బూరి ఛాయాదేవి కథ ‘బోన్సాయ్ బ్రతుకు’. ఛాయాదేవి 1933లో రాజమహేంద్రవరంలో జన్మించారు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశారు. ‘తన మార్గం’ కథాసంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఉద్యోగం చేసే చెల్లెలి ఇంటికి పెద్దగా చదువుకోని అక్క వస్తుంది. చెల్లెలు తాను తొట్లలో పెంచుతున్న తురాయి, దానిమ్మ బోన్సాయ్‌లను మురిపెంగా చూపుతుంది. గాలివాన వచ్చినప్పుడు బయటి పెద్ద తురాయి నలుగురికి ఆశ్రయమిస్తుండగా, తొట్టెలోని తురాయిని ఇంట్లోకి తెచ్చి కాపాడవలసి వస్తుంది. ఆడపిల్లను పెంచే తీరు ఇటువంటిదేనని అక్క గ్రహిస్తుంది.

స్త్రీవాద దృష్టితో ఈ కథ ఎంతగానో చర్చకు వచ్చింది. దీనిని చారిత్రక సాక్ష్యంగా కూడా చదవవచ్చు. ఇందులోని చెట్లు పైన్, మేపుల్ కావు. భారతీయ నగరవీథుల్లో, పెరళ్లలో కనిపించే తురాయి, దానిమ్మలు. అంటే కథ నాటికే మధ్యతరగతి తెలుగు గృహిణికి ఉష్ణమండల జాతులతో బోన్సాయ్ చేయడం అభిరుచిగా పరిచయమైందన్న మాట. అక్కకు అది వింతగా తోచడం వల్ల, పల్లెలో అప్పటికి ఆ అలవాటు చేరలేదన్న సూచన కూడా లభిస్తున్నది.

ఈ కథ తర్వాత బోన్సాయ్ అంటే అణచివేతకు ప్రతీక అన్న అర్థం సాహిత్యంలో స్థిరపడింది. ఇంట్లో బోన్సాయ్ ఉంటే కుటుంబానికి ఎదుగుదల ఉండదన్న వాస్తు నమ్మకం కూడా జనంలో ఉంది. దీనికి పెంపకందారులు చెప్పే సమాధానం ఒకటే: బోన్సాయ్ ఆకలితో మాడ్చిన చెట్టు కాదు, సరైన పోషణ లేనిదే అది బతకదు. ఈ సమాధానం శాస్త్రరీత్యా సరైనదే. 1625 నుంచి తొట్టెలో పెరిగిన ఒక తెల్ల పైన్ హిరోషిమా అణుబాంబు దాడిని తట్టుకొని, 1976లో అమెరికా జాతీయ వృక్షోద్యానానికి కానుకగా వెళ్లి నేటికీ జీవించి ఉండటం దీనికి నిదర్శనం. కాని ఛాయాదేవి ప్రతీకకు ఇది ఖండన కాజాలదు. చెట్టుకు బాధ ఉందా అన్నది కథ లేవనెత్తిన ప్రశ్న కాదు. ఎంత ఎదగాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ఆ ప్రశ్న. బాగా పోషింపబడుతున్న ప్రాణికి కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది.

గాలివాన ప్రతీకను కోనసీమ అనుభవంతో కలిపి చూస్తే మరొక కోణం స్పష్టమవుతుంది. 1996 నవంబర్ 6న వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు అపారంగా నేలకూలాయి. స్వేచ్ఛగా ఎదిగిన చెట్టు కూడా ఆ గాలికి నిలవలేదు. ఆ చెట్లను నమ్ముకున్న కుటుంబాలు, కాయ దింపే, పీచు తీసే కార్మికులు ఏళ్లపాటు ఆ దెబ్బ అనుభవించారు. చెట్టు బలం చెట్టులోనే లేదనీ, దాని చుట్టూ అల్లుకున్న జీవనాధారాల్లో కూడా ఉందనీ డెల్టా చరిత్ర బోధిస్తున్నది.

8. నమోదు కాని చేతులు:

‘బోన్సాయ్ బ్రతుకు’లో చెట్టు ఉంది, దానిని పెంచే ఇల్లాలు ఉంది. నర్సరీ లేదు. అభిరుచి కథకు అది అవసరం కూడా కాదు. నేటి డెల్టాలో మాత్రం బోన్సాయ్ ప్రధానంగా విక్రయ వస్తువు. మట్టి కలపడం, సంచులు నింపడం, కలుపు తీయడం, మొక్కలు మోయడం వంటి పనుల్లో స్త్రీల శ్రమ అధికం. అంటు కట్టడం, తీగ చుట్టడం వంటి పనులు నైపుణ్యంగా లెక్కకు వస్తాయి. మట్టి పాళ్లు చేతి స్పర్శతో పోల్చుకోవడం, తొట్టె బరువును బట్టి తడి తెలుసుకోవడం మాత్రం కూలిపనిగానే మిగిలిపోతాయి. చెట్టు నిలిచేదీ, చచ్చేదీ ఈ రెండో రకం తెలివి మీదనే. ఛాయాదేవి ప్రశ్నను నర్సరీకి అన్వయిస్తే, చెట్టును మలిచే స్త్రీల ఎదుగుదలను ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న ఎదురవుతుంది.

పైన పేర్కొన్న హిరోషిమా పైన్‌ను దానం చేసిన యమకి కుటుంబం పేరు ఆ చెట్టుతోపాటు నమోదై ఉంది. తరతరాల సంరక్షకుల పేర్లు చెట్టు విలువలో భాగమని ఆ సంప్రదాయం గుర్తించింది. కడియం నుంచి లారీ ఎక్కిన చెట్టుకు అటువంటి వంశవృక్షం లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అది కొన్నవారి పేరుతో, అమ్మిన నర్సరీ పేరుతో ఉంటుంది. పదేళ్లు దానిని కత్తిరించిన చేయి ఎవరిదో తెలియదు. ఆ తరం పనివారు వృద్ధులవుతున్న కొద్దీ వారి పలుకుబడి కూడా కనుమరుగవుతుంది. ‘నేల అంటు’, ‘గాలి అంటు’, ‘మొవ్వు’, ‘ఊడ’ వంటి మాటలు నిఘంటువుల్లో ఉన్నా, పనిలో అవి పొందిన ప్రత్యేకార్థాలను వినేవారు వెళ్లి విని రాసుకోవలసి ఉంది. తెలుగులో వృత్తిపదకోశాల నిర్మాణానికి మంచి సంప్రదాయం ఉంది. నర్సరీ వృత్తికి కూడా ఆ కృషి విస్తరించాలి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది విషయాలు తెలుస్తున్నాయి.

1. ‘బోన్సాయ్’ అన్న పదంలో లేని పొట్టితనం తెలుగు సమానార్థకాల్లో ప్రధానార్థమైంది. ఆ కళ మీద తెలుగులో ఏర్పడిన అభిప్రాయాలకు ఈ అనువాదం కొంత కారణం.

2. వృక్షాయుర్వేద గ్రంథాలు చెట్ల సంరక్షణ జ్ఞానానికి విలువైన ఆధారాలు. నిరంతర సంప్రదాయాన్ని చూపకుండా వాటిని బోన్సాయ్‌కి మూలంగా చెప్పడం సమంజసం కాదు.

3. కాలువ నీరు, అంటు విద్య, రవాణా మార్గాలు కలిసిన కడియం – ఆలమూరు ప్రాంతం ఈ కళకు అనువైన క్షేత్రమైంది. ఋతువు, కత్తిరింపు, మట్టి, నీడ విషయాల్లో ఇక్కడ అవసరమైన పద్ధతి జపాన్ కంటే దక్షిణ చీనా పద్ధతికి సన్నిహితం.

4. ‘బోన్సాయ్ బ్రతుకు’ కథ స్త్రీవాద ప్రతీకగానే కాక, ఉష్ణమండల బోన్సాయ్ తెలుగువారి ఇళ్లలో ప్రవేశించిన తీరుకు సాహిత్య సాక్ష్యంగా కూడా నిలుస్తుంది.

5. డెల్టా బోన్సాయ్‌కి లిఖిత చరిత్ర లేకపోయినా, నర్సరీ పనివారి జ్ఞాపకాలు, పనిముట్లు, పదజాలం రూపంలో సజీవమైన ఆధారాలున్నాయి. వాటిని మౌఖిక చరిత్రగా సేకరించడం తక్షణ కర్తవ్యం.

తొట్టెలోని చెట్టు వయసును మొదలు లావును బట్టి అంచనా వేస్తారు. దానిని మలిచిన మనిషి అనుభవాన్ని అంచనా వేయడానికి అటువంటి కొలమానం లేదు. ఆ మనిషిని అడిగి తెలుసుకోవడమొక్కటే మార్గం. తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు కలిసి చేపట్టదగిన పని ఇది.